కణితిని చేరాకే విడుదలయ్యే మందు

ప్రశ్న: క్యాన్సర్ కణితి దగ్గరకు చేరాకే మందును వదిలే పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) నానో కణాల గురించి విన్నాను. ఆ చోటును అవి ఎలా గుర్తుపడతాయి?

జవాబు: నిజానికి అవి చోటును గుర్తుపట్టవు, అక్కడి రసాయన పరిస్థితికి లోబడి రూపు మార్చుకుంటాయి, అంతే. రక్తం పీహెచ్ (ఆమ్లతను తెలిపే సంఖ్య, ఇది తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) దాదాపు 7.4 కాగా, చక్కెరను వేగంగా లాక్టిక్ ఆమ్లంగా మార్చే కణితి పరిసరాల్లో అది 7 కంటే తగ్గుతుంది. జీవకణం తన లోపలికి తీసుకున్న పదార్థం చేరే ఎండోసోమ్ అనే సంచిలోనైతే 5, 6 మధ్యకు దిగుతుంది. తగిన అమైన్ సమూహాలు (నైట్రోజన్ ఉండే భాగాలు) ఉన్న పాలిమర్ ఈ ఆమ్లతలో ప్రోటాన్లను స్వీకరించి ధనావేశం పొందుతుంది. అప్పుడు దాని గొలుసులు పరస్పరం వికర్షించుకోవడంతో నానో కణం ఉబ్బడమో విడిపోవడమో జరిగి, మందు బయటపడుతుంది. కడుపులో కరగక చిన్నప్రేగులో కరిగే ఎంటెరిక్ పూత మాత్రల సూత్రమూ ఇదే, కాకపోతే తిరగేసిన రూపంలో.

వేడికి స్పందించేవీ ఉన్నాయి. పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ అనే పాలిమర్ నీటిలో సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దాటగానే ముడుచుకుంటుంది. శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలు కాబట్టి, ఒంట్లోకి వెళ్లగానే అది ముడుచుకోకుండా నీటిని ఇష్టపడే మరో అణువును గొలుసులో చేర్చి ఆ హద్దును పెంచుతారు.

అసలు చిక్కు వేరే ఉంది: రక్తంలోకి ఎక్కించిన నానో కణాల్లో అధిక భాగాన్ని కాలేయం, ప్లీహం దారిలోనే పట్టేస్తాయి.