కల్యాణ మండపానికి పోలీసు నోటీసు: పూచీ యజమానిదా, పెళ్లివారిదా?

ప్రశ్న: విజయనగరంలో మాకు ఆరు వందల మంది పట్టే కల్యాణ మండపం ఉంది. ఎనిమిది సీసీ కెమెరాలు పెట్టించాం. అయినా భద్రతా ఏర్పాట్లు సరిగా లేవని స్టేషన్ నుంచి నోటీసు వచ్చింది. అద్దెకు తీసుకున్న రోజు ఆ పూచీ పెళ్లివారిది కాదా? ఇంత చిన్న ఊరికి తీవ్రవాదుల బెడద ఏమిటి?

జవాబు: 2025 మేలో పేలుళ్ల కుట్ర అభియోగంపై అరెస్టు జరిగింది మీ విజయనగరంలోనే. నేరం నిజమో కాదో కోర్టు తేలుస్తుంది. ఊరు చిన్నదన్న వాదన మాత్రం మీ జవాబులో రాయకండి.

మీకు వర్తించేది 2013 నాటి ప్రజా భద్రత చర్యల అమలు చట్టం. ఒకేసారి వంద మంది చేరే అవకాశమున్న చోట్లన్నీ, గుళ్లు, బళ్లు, ఆసుపత్రులు, దుకాణాలతో సహా, దీని కిందికి వస్తాయి. రాకపోకలపై అదుపు, సీసీ కెమెరాలు ఉండాలి. ఫుటేజీ 30 రోజులు దాచాలి. ఆరు నెలలకోసారి స్టేషన్‌కు రిటర్ను, అంటే ఏర్పాట్ల వివరాల నివేదిక, ఇవ్వాలి. పాటించకపోతే మొదటి నెలకు 5 వేలు, రెండో నెలకు 10 వేలు జరిమానా, అప్పటికీ కదలకపోతే ప్రాంగణానికి సీలు. ఈ బాధ్యతను చట్టం యజమాని, మేనేజరు, నడిపేవారి మీదే పెట్టింది.

ఎక్కువ మంది దొరికిపోయేది ఆ 30 రోజుల దగ్గరే. రెండు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నిరంతరం రికార్డు చేస్తే రోజుకు సుమారు 21 జీబీ అవుతుంది. ఎనిమిది కెమెరాలకు నెలకు 5 టీబీ దాటుతుంది. బిగించినవాళ్లు 1 టీబీ డిస్కు వేసి వెళ్లిపోతే ఆరో రోజుకే పాతది చెరిగిపోతూ ఉంటుంది. ఈ రోజే రికార్డర్‌లో నెల కిందటి తేదీ నొక్కి చూడండి. రాకపోతే 6 టీబీ డిస్కు వేయించండి. రికార్డర్ గడియారం సరిగా ఉందో లేదో కూడా చూడాలి, ఇరవై నిమిషాలు తేడా ఉన్న ఫుటేజీని కోర్టులో ఎదుటి లాయరు వదలడు. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు రికార్డర్ ఆగిపోకుండా యూపీఎస్ పెట్టండి. గేటు కెమెరా పైకప్పు మూలన ఉంటే నడినెత్తులే కనిపిస్తాయి, ఏడెనిమిది అడుగుల ఎత్తులో ముఖం పడేలా దించండి. పెళ్లికూతురు గది, బాత్‌రూముల వైపు మాత్రం ఏ కెమెరా తిరగకూడదు. అది వేరే నేరం.

గార్డులను ఏజెన్సీ నుంచి తీసుకుంటే దానికి 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉందో లేదో అడిగి, నకలు ఉంచుకోండి. గార్డుకు పోలీసు అధికారం లేదు. సంచి తెరిచి చూపించమని అడగవచ్చు, ఒప్పుకోకపోతే లోపలికి పంపకపోవచ్చు, బలవంతంగా ఒంటి మీద చేయి వేయకూడదు. ఆడవాళ్లను తనిఖీ చేసేది ఆడ గార్డే కావాలి. ఎవరిదో తెలియని సంచి కనిపిస్తే ముట్టుకోవద్దు, కదపవద్దు. జనాన్ని దూరం జరిపి 112కు ఫోన్ చేయాలి. ఈ ఒక్క మాట వంటవాళ్లకు, డెకరేషన్ కుర్రాళ్లకు కూడా చెప్పి ఉంచండి, ముందుగా చూసేది వాళ్లే.

ఇక పెళ్లివారి సంగతి. అద్దె ఒప్పందంలో వారి విధులు తప్పక రాయించండి: ఆరు వందలకు మించి పిలవకూడదు, అత్యవసర ద్వారాలకు అడ్డంగా స్టేజీ గానీ కుర్చీలు గానీ వేయకూడదు, బయటి డెకరేషన్ వాళ్ల పేర్లు ముందే ఇవ్వాలి. నష్టం జరిగితే వారి నుంచి పరిహారం అడగడానికి ఆ కాగితం ఉపయోగపడుతుంది. క్రిమినల్ బాధ్యతను మాత్రం ఒప్పందంతో బదిలీ చేయలేరు. మీ నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని తేలితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు.

నోటీసుకు నోటిమాట జవాబు పనికిరాదు. ఏది సరిచేశారు, ఏది ఏ తేదీకి పూర్తవుతుంది అని రాసి, డిస్కు బిల్లు, కెమెరాల ఫొటోలు జతచేసి, గడువు దాటకముందే స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఎప్పుడైనా ఫుటేజీ అడిగితే కాపీతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని ధ్రువీకరించే పత్రం) జతచేసి ఇవ్వండి, దానికీ రసీదు తీసుకోండి.