పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: పప్పుధాన్యాల నేల తెగుళ్లకు పచ్చిరొట్ట వైద్యం

ప్రశ్న: మూడేళ్లుగా మా శనగ చేలో మొక్కలు అక్కడక్కడ గుంపులుగా ఎండిపోతున్నాయి. విత్తనశుద్ధి చేసినా ఫలితం అంతంతమాత్రమే. ఆవ మొక్కల రొట్టను నేలలో కలిపితే ఇటువంటి తెగుళ్లు తగ్గుతాయని విన్నాను. ఇది నిజమేనా? నిజమైతే ఏ విధంగా చేయాలి?

జవాబు: నిజమే. అయితే రొట్ట గురించి ఆలోచించడానికి ముందు మీ చేలో ఉన్నది ఏ తెగులో తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక తెగులును అణచే పని ఇంకొక తెగులును రెచ్చగొట్టే ప్రమాదం ఉంది. ఎండుతున్న మొక్కను లాగకుండా పారతో తవ్వి తీసి, కాండం మొదలును, తల్లివేరును నిలువునా చీల్చి చూడండి. వేరు పైకి బాగానే ఉండి లోపల నిలువుగా నల్లని లేదా ముదురు గోధుమ రంగు చార కనిపిస్తే అది ఫ్యుజేరియం శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు. పిల్లవేర్లు ఊడిపోయి, తల్లివేరు ఎండుపుల్లలా పుటుక్కున విరిగితే అది మాక్రోఫోమినా వల్ల వచ్చే ఎండు వేరుకుళ్లు. ఇది పూత, కాయ దశల్లో నేల ఎండి, ఎండ ముదిరినప్పుడు విజృంభిస్తుంది. మొక్క మొదట్లో తెల్లని బూజు పట్టి, అందులో ఆవగింజల్లాంటి గుండ్రని గుళికలు కనిపిస్తే అది స్క్లీరోషియం వల్ల వచ్చే మొదలు కుళ్లు. ఇది సాధారణంగా లేత వయసులో, పదును ఎక్కువగా ఉన్న నేలలో వస్తుంది.

విత్తనశుద్ధి చేసినా ఫలితం ఎందుకు రాలేదని మీరు బాధపడటం సహజం. విత్తనానికి పట్టించిన మందు మొలకను, లేత వేరును కొన్నాళ్లు కాపాడుతుందే తప్ప చేనంతా పరచుకొని ఉన్న శిలీంధ్రాన్ని ఏమీ చేయలేదు. శనగకు సోకే ఫ్యుజేరియం శనగ మొక్క ఒక్కటీ లేకపోయినా నేలలో ఆరేళ్ల వరకు బతకగలదు. మాక్రోఫోమినా నల్లని సూక్ష్మ గుళికల రూపంలో పొడి నేలలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, వేరు దగ్గరకు రాగానే మొలకెత్తుతుంది. కనుక వైద్యం మొక్కకు కాక నేలకు జరగాలి. పచ్చిరొట్ట ఆ పని చేయగలదు కాబట్టే దాని మీద ఇంత ఆసక్తి.

ఆవ కుటుంబపు మొక్కల కణాల్లో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరొక చోట ఉంటాయి. ఆకు నలిగినప్పుడు ఈ రెండూ కలిసి, తడి తోడైతే, ఐసోథయోసైనేట్లు పుడతాయి. ఆవపిండి నూరినప్పుడు ముక్కుకెక్కే ఘాటు అదే. ఆ ఆవిరి నేల రంధ్రాల్లోకి చొచ్చుకుపోయి శిలీంధ్రపు దారాలను, మొలకెత్తుతున్న గుళికలను, నులిపురుగులను దెబ్బతీస్తుంది. ఈ పద్ధతికి బయోఫ్యూమిగేషన్ అనే పేరు 1993లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త కిర్కెగార్డ్, ఆయన సహచరులు పెట్టారు. దీన్ని ప్రయత్నించి విఫలమైనవారిలో చాలామంది రొట్టను పెద్ద ముక్కలుగానే దున్నేయడమో, దున్నిన తరువాత రెండు మూడు రోజులకు తీరికగా నీరు పెట్టడమో చేసి ఉంటారని నా అభిప్రాయం. ఆకు కేవలం నేలలో పడితే చాలదు, బాగా నలగాలి. నలిగిన ఆకు గాలికి వదిలేయకూడదు, వెంటనే మట్టి కింద పడాలి. మట్టి కింద పడిన దానికి ఆ పూటే తడి అందాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఘాటంతా గాలిలో కలిసిపోయి, మీకు మిగిలేది మామూలు పచ్చిరొట్ట ఎరువు మాత్రమే.

విత్తడానికి రెండున్నర, మూడు నెలల ముందే ఆవ చల్లండి. పూత మొదలై కాయ కట్టక ముందు గ్లూకోసినోలేట్లు సమృద్ధిగా ఉంటాయి, అప్పటికి మొక్క కూడా రొట్టకు తగినంత పెరుగుతుంది. ఒకే రోజు కోసి, నలగగొట్టి, రోటవేటర్‌తో జానెడు లోతు లోపలే కలిపి, నేల మీద రోలరు లేదా బరువైన పలక నడిపి పైపొరను అదిమి, తడి ఇవ్వండి. పారదర్శకమైన పాలిథీన్ షీటు కప్పి అంచులను మట్టితో మూయగలిగితే ఫలితం ఎంతో మెరుగవుతుంది, ఎందుకంటే ఆవిరి బయటకు పోదు సరికదా ఎండ వేడి కూడా తోడవుతుంది. తడి నేలను పాలిథీన్‌తో కప్పి ఎండతోనే తెగులును అణచవచ్చని 1976లో ఇజ్రాయెల్‌లో శాస్త్రవేత్త కటాన్ బృందం చూపింది. వేడికి బలహీనపడిన గుళికలు ఘాటుకు తేలికగా లొంగుతాయి. మాక్రోఫోమినా విషయంలో తడికి ప్రత్యేకమైన విలువ ఉంది: పొడి నేలలో ఏళ్ల తరబడి బతికే దాని గుళికలు ఎడతెగని తడిలో ఎక్కువ కాలం నిలవలేవు. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ ప్రయోగాల్లో వేసవిలో ఆవజాతి పంటల వ్యర్థాలు కలిపి నీరు పెట్టినప్పుడు మాక్రోఫోమినా బాగా తగ్గడానికి కారణాల్లో ఇది కూడా ఒకటి.

బయటి నుంచి తెచ్చి వేసేటట్లయితే చదరపు మీటరుకు 5 కిలోల పచ్చిరొట్ట అవసరమని సాధారణంగా చెబుతారు. అంత రొట్టను పొలమంతటికీ సమకూర్చడం అసాధ్యమే. మీ చేలో మొక్కలు గుంపులుగా ఎండుతున్నాయని రాశారు కనుక ఆ మచ్చలను ఇప్పుడే గుర్తుపెట్టుకొని, వాటికి చుట్టూ కొంత జాగా కలుపుకొని అక్కడే రొట్ట, షీటు ఉపయోగించండి. గానుగలో వేడి చేయకుండా తీసిన ఆవచెక్క కూడా పనికొస్తుంది. ఎక్కువ వేడి తగిలిన చెక్కలో ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి దానికి ఘాటు ఉండదు. తెగులు పూర్తిగా మాయమవుతుందని మాత్రం ఆశించకండి. నేలలో శిలీంధ్రం మోతాదు తగ్గుతుంది. ఆ తగ్గిన మోతాదును తట్టుకునే రకాన్ని విత్తినప్పుడే పంట నిలబడుతుంది.

ప్రశ్న: మా చేలో మీరు చెప్పే మొదలు కుళ్లే ఎక్కువ. పచ్చిరొట్ట వేసిన ఏడాదే అది పెరిగింది. కారణం ఏమిటి?

జవాబు: మీరు గమనించింది అక్షరాలా నిజం. స్క్లీరోషియం శిలీంధ్రం సగం కుళ్లిన ఆకు, పుల్ల మీద బలం పుంజుకొని, ఆ బలంతో పక్కనున్న లేత మొక్క మీదికి పాకుతుంది. విత్తే సమయానికి నేల పైపొరలో కుళ్లని రొట్ట ఉంటే మీరు దానికి మేత వేసినట్లే అవుతుంది. నేలలో ఉండే పిథియం వంటి, శిలీంధ్రాలను పోలిన జీవులు కూడా పచ్చి రొట్టలోని చక్కెరలు అందిన మొదటి రోజుల్లో ఒక్కసారిగా పెరిగి, తరువాత ఇతర సూక్ష్మజీవుల పోటీకి తగ్గిపోతాయి. రొట్ట కలపడానికీ విత్తడానికీ మధ్య కనీసం మూడు వారాలు ఉండాలని, ముదురు పీచు రొట్టయితే ఇంకా ఎక్కువ కాలం ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మొదలు కుళ్లు తీవ్రంగా ఉన్న చేలో పచ్చిరొట్టను ఒక పంటకాలం మానేసి, గుళికలు గాలి అందని లోతుకు పోయేలా లోతు దుక్కి చేసి, పూర్తిగా మాగిన ఎరువే వేయడం మంచిది. జనుము, జీలుగలకూ ఇదే మూడు వారాల నియమం వర్తిస్తుంది; అవి నేలకు బలమిస్తాయి గాని ఆవకున్న ఘాటు వాటికి లేదు.

ప్రశ్న: కందిలో ఎండు తెగులుకు జొన్న మేలు చేస్తుందంటారు. జొన్న, కంది మోళ్లు రెండూ నేలలో కలిపేయవచ్చా?

జవాబు: జొన్న మోళ్లు కలపండి, కంది మోళ్లు కలపవద్దు. కంది ఎండు తెగులును కలిగించే శిలీంధ్రానికి 1910లో శిలీంధ్ర శాస్త్రవేత్త బట్లర్ ఫ్యుజేరియం ఉడమ్ అని పేరు పెట్టాడు. ఆ శిలీంధ్రం తెగులు సోకిన కంది మోళ్లలోనే సుమారు మూడేళ్లు దాగి ఉంటుంది. కాండం మీద కింది నుంచి పైకి పాకిన ఊదారంగు చార ఉన్న మొక్కలను వేర్లతో సహా పెకలించి కాల్చేయాలి. రోగపు మొక్కను ఎరువనుకొని దున్నడం కంటే పెద్ద పొరపాటు ఈ విషయంలో లేదు. జొన్నను అంతరపంటగా వేసినా, కందికి ముందు పంటగా వేసినా తెగులు తగ్గుతుంది. అయితే జొన్న చొప్ప, మోళ్లలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. కుళ్లే కాలంలో అవి నేలలోని నత్రజనిని తమవైపు లాగుకుంటాయి కాబట్టి ముక్కలు చేసి, కంది విత్తడానికి బాగా ముందుగానే కలపాలి.

ప్రశ్న: ఆవరొట్టతో పాటే తెగుళ్లను అణచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మాను, వేపపిండిని కూడా వేయవచ్చా?

జవాబు: ఒకేసారి వేయవద్దు. ఆవ ఘాటుకు మంచి, చెడు తేడా తెలియదు. అది తగ్గాక, అంటే షీటు తీసి పైపైన దున్ని ఒక వారం ఆరనిచ్చిన తరువాత, ఖాళీ అయిన చోటును మనకు కావలసిన జీవులతో నింపాలి. 90 కిలోల మాగిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి చల్లుతూ గోనెపట్టా కప్పి పది రోజులు ఉంచితే ఎరువంతా ఆ శిలీంధ్రం అల్లుకుంటుంది. దీన్ని ఒక ఎకరంలో, నేలలో పదునున్నప్పుడు, ఆఖరి దుక్కిలో వేయాలి. విత్తనానికి పట్టించే రైజోబియం, అంటే పప్పుధాన్యాల వేరు బుడిపెల్లో నత్రజనిని నిలిపే బాక్టీరియా, కూడా ఘాటు పోయిన నేలలోనే బతుకుతుంది.

ప్రశ్న: ఘాటు పూర్తిగా పోయిందని, విత్తవచ్చని ఎలా తెలుసుకోవడం?

జవాబు: రొట్ట కలిపిన చోట జానెడు లోతు నుంచి మట్టి తీసి, మూత బిగుతుగా ఉన్న గాజు సీసాలో సగం వరకు నింపండి. కలపని చోటి మట్టిని ఇంకొక సీసాలో తీసుకోండి. రెండింటిలోనూ పైన తడి దూది పరచి, ముల్లంగి లేదా ఆవ వంటి త్వరగా మొలిచే గింజలు ఇరవై చొప్పున వేసి మూత పెట్టండి. రెండు మూడు రోజుల్లో రెండింటిలోనూ గింజలు ఒకేలా మొలిస్తే నిశ్చింతగా విత్తవచ్చు. రొట్ట కలిపిన మట్టి ఉన్న సీసాలో మొలక తగ్గినా, వేరు కొన గోధుమరంగుకు తిరిగినా, ఇంకొకసారి పైపైన దున్ని, వారం ఆగి, మళ్లీ పరీక్షించండి.