వరుసలో నిలబెట్టడం తగ్గించు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. కిండర్‌గార్టెన్ పిల్లలకు ఆటలు, ఆరోగ్యం నేర్పే పని నీకు అప్పగించారని, వారానికి రెండు పీరియడ్లు ఇచ్చారని, వాటిలో ఏం చెప్పాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. ఏం చెప్పాలన్నది తర్వాత చూద్దాం. ముందు నీ పీరియడ్లో ఒక్కో పిల్లకు కదిలే సమయం ఎంత దక్కుతోందో లెక్క వెయ్యి.

ఒక బంతి, ఇరవై మంది పిల్లలు, ఒక వరుస. చాలా చోట్ల ఆటల పీరియడ్ అంటే ఇదే. ముందున్నవాడు బంతి విసిరి వెనక్కి పోతాడు, తక్కినవాళ్ళు చూస్తూ నిలబడతారు. అరగంటలో ఒక్కొక్కరికి వచ్చేది ఒకటిన్నర నిమిషం. వరుసలో ఊరికే నిలబడ్డ పిల్ల ఏం చేస్తుంది? ముందున్న పిల్ల జడ లాగుతుంది. అప్పుడు మనం అల్లరి పిల్ల అని పేరు పెడతాం. ఆ అల్లరి తెచ్చింది మనం పెట్టిన వరుస.

అందుకని ఇరవై మందికీ ఇరవై వస్తువులు సిద్ధం చేసుకో. కొనాల్సిన పని లేదు. పాత మేజోళ్ళు ఉండలు చుట్టినా, కాగితం నలిపి టేపు చుట్టినా చాలు. అందరూ ఒకేసారి గోడకేసి విసరాలి, ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. చూడటానికి గందరగోళంగా ఉంటుంది, ఉండనీ.

అవుట్ చేసే ఆటలు కూడా నాకు నచ్చవు. కుర్చీలాటలో మొదట అవుటయ్యేది ఎవరు? మెల్లగా కదిలే పిల్లే. అందరికన్నా ఎక్కువ ఆడాల్సిన పిల్ల మూలన కూర్చుని మిగతావాళ్ళను చూస్తూ ఉంటుంది. కుర్చీల బదులు నేలమీద సున్నాలు గియ్యి. ఒక్కో సున్నా చెరిపేస్తూ పో, పిల్లల్ని మాత్రం ఎవరినీ తీసెయ్యకు. ఉన్న సున్నాల్లోనే అందరూ ఎలా ఇముడుతారో వాళ్ళనే తేల్చుకోమను. ఆ సర్దుబాట్లలో వాళ్ళు నవ్వే నవ్వులు చూస్తావుగా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలి. అందులో 60 నిమిషాలైనా ఆయాసం వచ్చే ఆట కావాలి. కూర్చుని స్క్రీన్ చూడటం గంట దాటకూడదు, నిద్ర 10 నుంచి 13 గంటలు ఉండాలి. ఐదేళ్ళు నిండినవాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాల గట్టి ఆట కావాలంటారు. మూడు గంటలా అని కంగారుపడకు, అది రోజంతా చిన్న చిన్న ముక్కలుగా వచ్చేదే. కానీ నీకిచ్చిన రెండు పీరియడ్లతో మాత్రం అది తీరదు. అంకెలు చెప్పేటప్పుడు ఏడు అంటే ఏడు గెంతులు వేయించు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళేటప్పుడు ఒకరోజు ఏనుగులా, ఒకరోజు పిల్లిలా నడిపించు. క్లాస్ టీచర్లను కూడా మెల్లగా ఇందులోకి లాగు, ఒక్కదానివే మొయ్యలేవు.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఆగడం నేర్పు. మొదటి వారం స్టాచ్యూ ఆట తప్ప ఇంకేం ఆడించకపోయినా నష్టం లేదు. నువ్వు చప్పట్లు కొట్టగానే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోతున్నారంటే ఇక వాళ్ళను ఎంత పెద్ద గ్రౌండ్‌లోనైనా వదలొచ్చు. విజిల్ ఊదుతూ గొంతు చించుకునే అవసరం రాదు.

ఏ వయసుకు ఏది వస్తుందో తెలిస్తే నీకు సగం చికాకు తగ్గుతుంది. నాలుగేళ్ళ పిల్లకు బంతి వేసి చూడు. చేతులు రెండూ కర్రల్లా ముందుకు చాపుతుంది. బంతి దగ్గరికొచ్చేసరికి మొహం పక్కకు తిప్పి కళ్ళు మూస్తుంది. బంతి ఛాతీకి తగిలి కింద పడ్డాక అప్పుడు చేతులు మూస్తుంది. ఇందులో మొద్దుతనం ఏమీ లేదు. వేగంగా వచ్చేదాన్ని చూపుతో వెంబడించడం, సరిగ్గా ఆ క్షణానికి చేతులు మూయడం ఇంకా కుదరలేదు, అంతే. బంతి పక్కన పెట్టి పల్చటి గుడ్డముక్క పైకి ఎగరెయ్యి. అది తీరిగ్గా దిగుతుంది, కళ్ళు మూసుకునే అవసరం రాదు. కొందరు బెలూన్లు వాడతారు. పగిలిన ముక్క నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది కాబట్టి నేను గుడ్డకే ఓటేస్తాను. ఒంటికాలి గెంతు నాలుగేళ్ళ ప్రాంతంలో వస్తుంది. కాళ్ళు మార్చుకుంటూ ఎగురుతూ పోవడం చాలామందికి ఐదారేళ్ళకు గానీ రాదు. నెలల తేడాతో పుట్టిన పిల్లల్ని పక్కపక్కన పెట్టి పోల్చకు.

ఎవరైనా చక్రాల కుర్చీలో ఉంటే ఆ పిల్లకు స్కోరు రాసే పని అప్పగించి చేతులు దులుపుకోవద్దు. ఆటనే మార్చు. ఆ రోజు అందరూ కూర్చునే ఆడతారు.

ఇక ఆరోగ్యం. చార్టు చూపించి "చేతులు శుభ్రంగా ఉంచుకోవాలి" అని చెప్పించడం దండగ. పిల్లలు కడిగే తీరు పక్కన నిలబడి గమనించు: వేళ్ళ కొనలు తడిపి, సబ్బును ఒకసారి ముట్టుకుని, గౌనుకు తుడుచుకుంటారు. అరచేతులకు కాస్త నూనె, దాని మీద రంగు పొడి రాసి, ఇప్పుడు కడగమను. బొటనవేలు చుట్టూ, వేళ్ళ సందుల్లో రంగు అలాగే ఉండిపోతుంది. అప్పుడు సబ్బుతో 20 సెకన్లు ఎందుకు రుద్దాలో నువ్వు చెప్పక్కర్లేదు. దగ్గు, తుమ్ము మోచేతి మడతలోకి అన్నది కూడా ఆటలాగే అలవాటు చెయ్యి. ఎండలో ఆడేటప్పుడు నీళ్ళకు నువ్వే ఆపాలి, దాహం వేసిందన్న సంగతి వాళ్ళకు ఆట అయ్యాక గానీ తెలియదు. బాత్‌రూమ్‌కి వెళ్తానన్న పిల్లను "కాసేపాగు" అనకు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గుండె ఆట. బాగా పరిగెత్తించి, ఆపి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకోమను. దడదడలాడుతుంటే కళ్ళు పెద్దవి చేస్తారు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చిన్న బొమ్మ పెట్టి, ఊపిరితో దాన్ని పైకీ కిందికీ ఊయల ఊపమను. కాసేపటికి గుండె నెమ్మదించిందని వాళ్ళే చెప్తారు. ఇది బాగా అలవాటయ్యాక, బొమ్మ కోసం కొట్టుకుని కోపంతో ఊగిపోతున్న పిల్లాడితో "నీ గుండె ఏమంటోంది?" అని అడగొచ్చు. "కోపం తగ్గించుకో" అంటే ఐదేళ్ళవాడికి ఏం చెయ్యాలో తెలియదు. బొమ్మను ఊపడం తెలుసు.

కొన్ని విషయాల్లో మాత్రం నేను రాజీపడను. అల్లరి చేశారని ఆట మాన్పించకూడదు. శిక్షగా గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించకూడదు, పరుగంటేనే ఏవగింపు పుడుతుంది. లావు, సన్నం అన్న మాటలు నీ నోట రాకూడదు, పొగడ్తగానైనా సరే. చెయ్యి పట్టుకుని ఆడే ఆటలో ఏ పిల్లైనా వద్దంటే బలవంతం చెయ్యకు. పెద్దవాళ్ళతో కూడా వద్దు అనే హక్కు తనకుందని ఆ పిల్లకు తెలిసి ఉండాలి.

రిపోర్టులో గ్రేడ్ ఎలా వెయ్యాలని అడిగావు. మీ హెడ్ టీచర్‌ని అడిగి గ్రేడ్ బదులు ఒక వాక్యం రాసే వీలుందేమో చూడు. "జూన్‌లో మెట్టు దిగడానికి చెయ్యి అడిగేది, ఇప్పుడు రెండు కాళ్ళతో గెంతి దిగుతోంది" అని రాస్తే ఆ తల్లిదండ్రులకు ఏ గ్రేడూ చెప్పలేనిది తెలుస్తుంది. దానికోసం రోజుకు ఇద్దరు ముగ్గురు పిల్లల్నే గమనించి చిన్న పుస్తకంలో రాసుకో.

స్టాచ్యూ ఆట ఎలా సాగిందో రాయి. ఆగని పిల్లలు ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు, వాళ్ళ గురించి వివరంగా రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ