హెచ్‌ఐవీ మీద పరిశోధన అంటే అంత భయం దేనికి?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి బైపీసీ చదివి నీట్ రెండుసార్లు రాసింది, రెండోసారి లాంగ్‌టర్మ్ కూడా పెట్టించాం. సీటు రాలేదు. ఇప్పుడు బీఎస్సీ మైక్రోబయాలజీలో చేరి, ఆ జబ్బులో టి కణాలు అలసిపోతాయట, వాటి మీద రీసెర్చ్ చేస్తానంటోంది. మేము బీటెక్ బయోటెక్నాలజీ, తర్వాత అమెరికాలో ఎంఎస్ అనుకుంటున్నాం. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. ఆ జబ్బు రక్తంతో పని అంటే రేపు ఆడపిల్లకు సంబంధాలు వస్తాయా?

జవాబు: అయ్యా, మీరు అడిగింది కోర్సుల గురించే అయినా మీ మెయిల్ బరువంతా ఆఖరి వాక్యంలో ఉంది. రెండుసార్లూ ‘ఆ జబ్బు’ అన్నారు తప్ప పేరు రాయలేదు. దాని పేరు హెచ్‌ఐవీ. విజయవాడలో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు కూడా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. అందుకే ముందు దీని సంగతి మాట్లాడుకుందాం.

టి కణాలంటే ఒంట్లో జబ్బులతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. వాటి మీద పనిచేసే ల్యాబుల్లో ఎక్కువ భాగం జరిగేది ఇది: రక్తంలోంచి తెల్ల కణాలను వేరుచేస్తారు. ల్యాబులో తయారుచేసిన వైరస్ ప్రోటీన్ ముక్కలను వాటికి చూపించి, ఏ కణాలు స్పందిస్తున్నాయో లెక్కపెడతారు. బతికున్న వైరస్‌ను పెంచేది ప్రత్యేక భద్రత ఉన్న గదుల్లోనే, శిక్షణ పొందినవాళ్లే. పొరపాటున వైరస్ ఉన్న రక్తపు సూది గుచ్చుకున్నా వ్యాధి సోకే అవకాశం సుమారు వెయ్యికి మూడు. 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే అది ఇంకా తగ్గిపోతుంది. మీ ఊరి జీజీహెచ్‌లో నర్సమ్మలు, ల్యాబ్ టెక్నీషియన్లు రోజూ ఈ రక్తం తీస్తూనే ఉన్నారు. వాళ్లకు పెళ్లిళ్లు కాలేదా? వాళ్లు పిల్లల్ని పెంచుకోవడం లేదా?

మన దేశంలో హెచ్‌ఐవీని మొదట పట్టుకున్నదే ఒక విద్యార్థిని. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతున్న సెల్లప్పన్ నిర్మల, తన గురువు సునీతి సోలమన్ మాట మీద రక్త నమూనాలు సేకరించారు. సరైన వసతి లేక వాటిని ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, భర్తను తోడు తీసుకుని రాత్రి రైల్లో వేలూరు వెళ్లి పరీక్ష చేయించారు. అప్పటికి ఈ జబ్బుకు మందే లేదు. ఆ రోజుల్లో ఆ భర్త తోడు నడిచాడు. ఇవాళ సర్కారు దవాఖానాల్లో మందు ఉచితంగా దొరుకుతోంది, క్రమం తప్పకుండా వాడి వైరస్ పరీక్షకు అందనంత తగ్గినవాళ్ల నుంచి భాగస్వామికి కూడా సోకదు. అలాంటి కాలంలో కన్నతండ్రి వెనకడుగు వేయడం నాకు బాధగా ఉంది. కటువుగా అంటున్నానేమో, అయినా అనక తప్పదు.

ఇక టి కణాలు. ఇది మీకు అర్థంకాని విషయమేమీ కాదు, మీ యార్డులో రోజూ జరిగేదే. టిక్కీ (మిర్చి బస్తా) మొత్తం కుమ్మరించకుండా, బయటికి తీసిన నాలుగు కాయలు చూసి లోపలి సరుకు ఎలాంటిదో మీరు చెప్పేస్తారు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ అలాగే, తన లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కలను పైకి తెచ్చి మచ్చు చూపిస్తుంది. ఆ మచ్చును పట్టుకుని నిలబడే అణువులను హెచ్‌ఎల్‌ఏ అంటారు. టి కణాల్లో సీడీ8 అనే రకం తిరుగుతూ ఆ మచ్చు చూస్తాయి. అందులో వైరస్ ముక్క ఉంటే ఆ కణాన్ని చంపేస్తాయి. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లో విపరీతంగా పెరిగిన వైరస్, మందు లేకుండానే బాగా తగ్గేది ఈ సీడీ8 కణాలు దిగాకే. 1999లో కోతుల ఒంట్లోంచి వీటిని తొలగించి చూస్తే, హెచ్‌ఐవీకి దాయాది అయిన ఎస్‌ఐవీ ఒక్కసారిగా ఎగబాకింది.

అయినా వైరస్ పూర్తిగా పోదు. సీడీ8 కణాలకు దన్నుగా ఉండే సీడీ4 టి కణాల్లోకే అది దూరుతుంది. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 500 నుంచి 1500 దాకా ఉండే ఈ కణాలు 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు. పైగా వైరస్ గుర్తుపట్టడానికి వీల్లేకుండా తన మచ్చును మార్చేస్తూ ఉంటుంది. కొన్ని కణాల్లోనైతే కోల్డ్ స్టోరేజీలో సరుకులా పడుకుంటుంది, మచ్చే బయటికి రాదు. మందు ఆపితే మళ్లీ బయలుదేరేది అక్కడి నుంచే. నూటికి ఒకరి కంటే తక్కువమందిలో మాత్రం మందు లేకుండానే ఏళ్ల తరబడి వైరస్ అణిగి ఉంటుంది. వాళ్లలో హెచ్‌ఎల్‌ఏ-బి57, బి27 రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. అవి మచ్చుగా చూపించే ముక్కల్లో కొన్నింటిని మార్చుకుంటే వైరస్ తానే నీరసపడుతుంది.

మీ అమ్మాయి చెప్పే అలసట ఇందులో అన్నిటికంటే లోతైన సంగతి. వైరస్ ఏళ్ల తరబడి ఎదురుగానే ఉంటే సీడీ8 కణాలు చావవు గానీ పని తగ్గిస్తాయి. వాటి మీద పీడీ-1 అనే బ్రేకు పడుతుంది. ఆ బ్రేకు తీస్తే కణాలు మళ్లీ పనిలోకి వస్తాయని 2006లో ఎలుకల్లో చూపించిన బృందానికి పెద్ద రఫీ అహ్మద్. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, అమెరికా వెళ్లిన మనిషి. హెచ్‌ఐవీ రోగుల టి కణాల మీద అదే బ్రేకు ఉందని కూడా ఆ ఏడాదే తేలింది. హెచ్‌ఐవీని నయం చేసే మందు దీని నుంచి ఇంకా రాలేదు. క్యాన్సర్‌లో మాత్రం వచ్చింది. పీడీ-1ను కనుగొన్న జపాన్ శాస్త్రవేత్త హోంజోకు 2018 నోబెల్‌లో సగం దక్కింది. నీట్‌లో రెండుసార్లు దెబ్బతిన్న పిల్ల మళ్లీ ఇలాంటి ప్రశ్న పట్టుకుందంటే, చదువు మీద ఆమె మనసు విరగలేదన్నమాట. మీరు ముందు సంతోషించాల్సింది అందుకు.

బీటెక్ బయోటెక్నాలజీ, ఆపైన అమెరికా ఎంఎస్ అనే దారి మీద నాకు ఎప్పటి నుంచో అనుమానాలున్నాయి. పేరు గొప్పగా ఉంటుంది, చుట్టాలకు చెప్పుకోవడానికి బాగుంటుంది. నేను చూసిన చాలా కాలేజీల్లో ఆ నాలుగేళ్లలో ఇమ్యునాలజీకి, అంటే ఈ టి కణాల్లాంటి రోగనిరోధక వ్యవస్థ చదువుకు, దక్కేది ఒకటో రెండో పేపర్లు. ఆఖరి సంవత్సరం వచ్చేసరికి క్యాంపస్‌కు వచ్చేవి సాఫ్ట్‌వేర్ కంపెనీలే, పిల్లలు అటే వెళ్లిపోతారు. ఎంఎస్ ఖర్చు చాలావరకు మన జేబులోంచే. అక్కడ బయాలజీ పీహెచ్‌డీకైతే సాధారణంగా ఫీజు కట్టి, నెలనెలా డబ్బులూ వాళ్లే ఇస్తారు. ఈ తేడా చెప్పకుండా ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టించే కన్సల్టెంట్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పటమట నుంచి అలా వెళ్లిన ఒక కుర్రాడు వీసా లాటరీలో పేరు రాక తిరిగొచ్చాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తున్నాడు. అది మంచి ఉద్యోగమే. దానికోసం వాళ్ల నాన్న గన్నవరం స్థలం అమ్మాల్సిన పని లేదు.

అమ్మాయి దారి సులువని నేను అనను. డిగ్రీ, ఎంఎస్సీ, పీహెచ్‌డీ కలిపి పదేళ్ల పైమాటే. అయితే పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం. హెచ్‌ఐవీ మీద పుణెలో ఐసీఎంఆర్ సంస్థ ఉంది, బెంగళూరు, ఫరీదాబాద్‌లలోనూ పని జరుగుతోంది. రేపు మనసు మారినా నేర్చిన పని వృథా పోదు. టి కణాలను లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం మీదే లుకేమియా అనే రక్త క్యాన్సర్‌ను కూడా నిర్ధారిస్తారు. రోగి సొంత టి కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే చికిత్స ఒకటి ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేస్తే, 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది.

వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. ఈలోగా బీఎస్సీకి అనుకుంటున్న రెండు కాలేజీలకు అమ్మాయిని తీసుకెళ్లండి. ఆఫీసులో బ్రోచర్ తీసుకుని వచ్చేయకండి, ల్యాబ్ తలుపు తీయించండి. మైక్రోస్కోపుల మీద దుమ్ముందో లేదో, ప్రాక్టికల్ రికార్డులు పిల్లలు చేసి రాసినవో చూసి రాసినవో ఆమె చూస్తుంది. సైన్స్ చదువులకు, పరిశోధనకు కేంద్రం పెట్టిన తిరుపతి ఐఐఎస్‌ఈఆర్ సంగతి కూడా ఆమెనే కనుక్కోమనండి. ఇక్కడికొచ్చాక మొదటి అరగంట ఆమె మాట్లాడుతుంది, మీరు వింటారు. పెళ్లి ప్రస్తావన ఆ రోజుకు వద్దు.