ఆ 200 ఇంటిపేరేమిటి?

తమ్ముడూ,

బయోరియాక్టర్ల మీద, అంటే సూక్ష్మజీవుల్ని పెంచే ట్యాంకుల మీద, నీ వ్యాసం చదివాను. మజ్జిగ కవ్వం పోలిక బాగా కుదిరింది, దాన్ని కదపకు. కానీ రెండో పేజీలో "బయోరియాక్టర్‌లో షియర్ రేటు సెకనుకు 200 ఉంటుంది" అన్న వాక్యం చూసి ఒళ్ళు మండింది. షియర్ రేటంటే ద్రవం పొరలు ఒకదాని మీద ఒకటి ఎంత జోరుగా జారుతున్నాయో చెప్పే అంకె, సరే. ఏ రియాక్టర్‌లో? ఏ మూల? ఎవరు ఎలా కొలిచారు?

మా అమ్మమ్మ గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు ఇంటిపేరు అడిగేది, మంచినీళ్ళు ఆ తర్వాతే. అంకెల్ని కూడా అలాగే అడగాలంటాను నేను. నీ 200 ఇంటిపేరు నాకు తెలుసులే. 1977లో నిషికావా, ఆయన తోటివాళ్ళు నిలువు గొట్టంలో చిక్కటి ద్రవం పోసి, అడుగు నుంచి గాలి వదిలి, వేడి ఎంత చేరుతోందో కొలిచారు. దాన్నిబట్టి, గాలి ప్రవాహాన్ని గొట్టం అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చే వేగాన్ని సెకనుకు మీటర్లలో వేసుకుని 5000తో గుణిస్తే సగటు షియర్ రేటు వస్తుందన్నారు. సెకనుకు 4 సెంటీమీటర్ల వేగానికి 200. అక్కడ ద్రవాన్ని కలిపే బ్లేడ్ల చక్రం, అదే ఇంపెల్లర్, లేనేలేదు! నువ్వేమో దాన్ని తెచ్చి ఇంపెల్లర్ తిరిగే ట్యాంకులో కూర్చోబెట్టావు.

ఆ ట్యాంకుల కథ వేరు. 1957లో మెట్జ్‌నర్, ఒట్టో కొలిచింది ఇంపెల్లర్ తిప్పడానికి పట్టే పవర్. అంతే పవర్ తీసుకునే మామూలు ద్రవం, అంటే ఎంత కదిపినా చిక్కదనం మారని ద్రవం, చిక్కదనమెంతో చూసి, కదిపేకొద్దీ పల్చబడే మన ద్రవం ఏ షియర్ రేటు దగ్గర అంత చిక్కగా ఉంటుందో వెతికారు. టర్బైన్ ఇంపెల్లర్‌కైతే అది సెకనుకు తిరిగే చుట్లకు సుమారు 11 రెట్లు, అంటే నిమిషానికి 300 చుట్లకు 55. అదీ నెమ్మదిగా కదిలే, గాలి లేని ద్రవానికి. గాలి వదిలావా, బ్లేడ్ల వెనక బుడగలు గుమిగూడి పవరే పడిపోతుంది.

"సుమారు", "సగటున" అన్న మాటలు నీకెందుకంత బరువయ్యాయో తెలీదు. ఒకప్పుడు ఓ సంపాదకుడు నా వ్యాసంలోంచి అవన్నీ ఏరి కొట్టేశాడు, పాఠకుడికి అనుమానం రాకూడదట. ఇరవై ఏళ్ళయింది, ఇంకా మర్చిపోలేదు. ఇప్పుడు వాటి బదులు ఎర్రా నీలం సిమ్యులేషన్ బొమ్మలు వేస్తున్నారు, కింద ఏ ద్రవమో కూడా రాయరు.

నేనేం తక్కువ తినలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, జాంథాన్ గమ్ (సాస్‌ల్లాంటివి చిక్కబరిచే జిగురు) తయారుచేసే ట్యాంకుకి, పుస్తకంలో దొరికిన షియర్ రేటు పెట్టి చిక్కదనం లెక్కకట్టి, ఈ చుట్లు చాలని సంతకం పెట్టి నైట్ షిఫ్ట్ వాళ్ళకిచ్చాను. తెల్లారేసరికి ఆక్సిజన్ మీటర్ సున్నా దగ్గరుంది. సైట్ గ్లాస్‌లోంచి చూస్తే ఇంపెల్లర్ చుట్టూ కాస్త మేర గిరగిరా తిరుగుతోంది, గోడల పక్కనంతా గడ్డపెరుగులా కదలకుండా కూర్చుంది. ఆ రోజు సూపర్‌వైజర్ ఏమన్నాడో ఇక్కడ రాయలేను. అలాంటి ద్రవానికి ఫ్లో ఇండెక్స్ (ఒకటికి ఎంత తక్కువైతే కదిపినప్పుడు అంత ఎక్కువ పల్చబడుతుందని చెప్పే అంకె) 0.3 అనుకో, షియర్ రేటు పదింతలు ఎక్కువ వేసుకుంటే చిక్కదనం ఐదింతలు తక్కువ చూపిస్తుంది. నా లెక్కలో జరిగింది అదే. ఒకే ట్యాంకులో బ్లేడు అంచున ఒక షియర్ రేటు, పైకి లేచే బుడగ పక్కన ఒకటి, గోడ దగ్గర దాదాపు ఏమీ ఉండదు. నీ వ్యాసంలో ఈ గోడ ఎక్కడా లేదు.

ఏ పత్రికకి పంపాలి, పారితోషికం ఎంతిస్తారు అని అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు ఆ 200 పక్కన గొట్టం, గాలి వేగం, కొలిచిన పద్ధతి రాసి, రెండో పేజీ మళ్ళీ పంపు.