అక్కను అడ్డం పెట్టుకుని వెళ్లవద్దు

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. జువాలజీతో డిగ్రీ పూర్తయింది. నాన్న పోయాక బావగారే ఫీజులు కట్టి చదివించారు. శ్రీకాకుళం తీరంలో సముద్ర తాబేళ్ల గుడ్లను కాపాడే కేంద్రంలో జనవరి నుంచి నాలుగు నెలల పనికి ఎంపికయ్యాను. భత్యం కొద్దిగానే ఇస్తారు. బావగారేమో బ్యాంకు పరీక్షలకు చదవమంటున్నారు. విశాఖలో కోచింగ్‌లో చేరానని ఆయనకు చెబుదామని, మిగతాది తాను సర్దుకుంటానని అక్క అంటోంది. అమ్మ ‘మీ ఇష్టం’ అంటోంది. ఆయనకు అనుమానం రాకుండా ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మాయీ, అనుమానం రాకుండా అబద్ధం చెప్పే దారి నేను చూపించను. అయినా అది ఎన్నాళ్లు దాగుతుంది? తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే రోజున అటవీ అధికారులతో పాటు విలేకరులూ వస్తారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. అందులో బుట్ట పట్టుకుని నువ్వే ఉండవచ్చు.

ఉత్తరమంతా బావగారి గురించే రాశావు. నన్ను కలవరపెట్టింది మాత్రం అక్క అన్న మాట. ‘నేను సర్దుకుంటాను.’ ఎప్పటినుంచి సర్దుకుంటోంది ఆవిడ? నీ ఫీజు గడువు దగ్గరపడిన ప్రతిసారీ భర్త దగ్గర నోరు తెరిచి అడిగింది ఎవరు? ఆ ఇంట్లో అందుకు ఎంత అణిగి ఉండాల్సి వచ్చిందో ఎప్పుడైనా కనుక్కున్నావా? సంగతి బయటపడిన నాడు నువ్వు సముద్రం ఒడ్డున ఉంటావు. ఆయన ఎదుట నిలబడేది అక్క. ‘మీ పుట్టింటివాళ్లు’ అన్న మాట ఆ తరువాత ఏ చిన్న తగవులోనైనా వినిపిస్తుంది. చెల్లెలి మీద ప్రేమతో అక్క ఇవ్వజూపినంత మాత్రాన అంత పెద్ద సాయం తీసుకోకూడదు. నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు.

బావగారు పెట్టిన ఖర్చుకు నువ్వు రుణపడి ఉన్నావు. అందుకని ఆయన చూపించిన ఉద్యోగమే చేయాలని నేననను. కానీ చదివించిన మనిషికి నువ్వెక్కడున్నావో తెలియాలి, అదీ నీ నోటి నుంచే.

పైగా దాచవలసిన పనా ఇది? ఆలివ్ రిడ్లే తాబేలు ఒకసారికి వంద గుడ్ల దాకా పెడుతుంది. తెల్లవారేలోగా కుక్కలు, నక్కలు తవ్వేస్తాయి. అందుకే అర్ధరాత్రి దాటాక ఇసుకలో జాడలు వెతుక్కుంటూ నడవాలి. గుడ్లను అటూ ఇటూ తిప్పకుండా తీసి, గుడ్లు పొదిగించే హేచరీలో మునుపటంత లోతులోనే పూడ్చాలి. పొదగడానికి ఏడు వారాల పైనే పడుతుంది. గూడు వేడిని బట్టి లోపల పెరిగేవి ఆడవా, మగవా అన్నది తేలుతుంది కనుక ఆ ఇసుక మీద నీడ ఎంత ఉందో కూడా చూసుకోవాలి. నువ్వు చదివిన జువాలజీ ఇదే కదా! చెన్నై తీరంలో 1988 నుంచి విద్యార్థులే ఇలా రాత్రిళ్లు నడుస్తున్నారు. ఇవన్నీ బావగారికి చెప్పు.

ఆయన అడిగేవి వేరే ఉంటాయి. రాత్రి నీతో ఎవరు నడుస్తారు? బస ఎక్కడ? ఇంకా ఆడపిల్లలు ఉన్నారా? బాధ్యుడెవరు, ఆయన ఫోను నంబరేమిటి? పెంచిన మనిషి ఇవి అడగకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. కేంద్రం వాళ్లతో మాట్లాడి జవాబులు రాసుకుని వెళ్లు. వాళ్లు సరిగ్గా చెప్పకపోతే నువ్వూ చేరవద్దు. తరువాత ఏమిటంటే, దెహ్రాదూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీ ఉంది, ప్రవేశ పరీక్ష రాస్తానని చెప్పు. బ్యాంకు పరీక్ష కూడా రాస్తానన్న మాట మాత్రం నిజంగా రాయదలచుకుంటేనే ఇవ్వు.

ఆయన కోప్పడవచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. అది నీ మీది కోపం, నువ్వే పడాలి. వద్దన్నా వెళ్లాలనుకుంటే చెప్పే వెళ్లు. ఖర్చులు ఆ భత్యంలోనే సరిపెట్టుకో, అక్క చేతి డబ్బు తీసుకోకు.

ఈ ఆదివారం అమ్మను వెంటబెట్టుకుని అక్కవాళ్లింటికి వెళ్లు. ‘మీ ఇష్టం’ అని ఆవిడ ఇంట్లో కూర్చుంటే కుదరదు, పెద్దమనిషిగా పక్కన ఉండాలి. బయలుదేరే ముందు అక్కకు ఫోను చేసి, బావగారితో నువ్వే మాట్లాడతావని, తనను మధ్యలో కల్పించుకోవద్దని చెప్పు.