గంటన్నరలో అయిపోయే రైల్ షూటర్‌కి వెయ్యి రూపాయలు పెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: స్టీమ్‌లో (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) రైల్ షూటర్ రకం కాల్పుల గేమ్ ఒకటి మీకు నచ్చింది, ధర వెయ్యి పైనే. ఆడినవాళ్లంతా గంటన్నరలో అయిపోయిందంటున్నారు. అదే డబ్బుకి సేల్‌లో పెద్ద మ్యాప్‌లో ఎటైనా తిరిగే వంద గంటల ఓపెన్ వరల్డ్ గేమ్ వస్తుంటే ఇది కొనడం దండగ కాదా అని.

గంటకి ఎన్ని రూపాయలు పడిందన్న లెక్క ఈ రకం గేములకి పనికిరాదని నా అభిప్రాయం. ఆ వంద గంటల గేమ్ ఒకటి నా దగ్గరా ఉంది. అందులో సగం సేపు గుర్రమెక్కి మ్యాప్ ఈ చివర నుంచి ఆ చివరకి పోవడమే, మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగినట్టు.

రైల్ షూటర్‌లో దారి మన చేతిలో ఉండదు. గేమ్ తీసుకెళ్తుంటే మనం గురి చూసి కాల్చాలి, అంతే. ఇవి పొట్టిగా ఉండటానికి కారణం ఆర్కేడ్, అంటే డబ్బులేసి ఆడే గేమ్ సెంటర్. వర్చువా కాప్ (1994), టైమ్ క్రైసిస్, హౌస్ ఆఫ్ ద డెడ్ అన్నీ కాయిన్ మెషీన్ల కోసం తయారైనవే. ఒక్కడే గంటసేపు మెషీన్ పట్టుకుని నిలబడితే ఓనర్‌కి ఏం మిగులుతుంది? అందుకే ఆట చిన్నది, కష్టం మాత్రం పెద్దది. కాలేజీ రోజుల్లో ఇక్కడి మాల్ గేమ్ జోన్లలో మా బ్యాచ్ ప్లాస్టిక్ తుపాకీ పట్టుకుంటే, బాస్ (లెవెల్ చివర వచ్చే పెద్ద శత్రువు) చావకముందే కార్డులో బ్యాలెన్స్ అయిపోయేది. చివరి లెవెల్ ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు.

అదే గేమ్ ఇంట్లోకి వచ్చేసరికి కంటిన్యూలు (చచ్చాక ఆట కొనసాగించే ఛాన్సులు) ఫ్రీ. చచ్చినా పోయేదేం లేదు కాబట్టి ఒక్క సాయంత్రంలో ముగిసిపోతుంది. అందుకే మళ్లీ ఆడటానికి తయారుచేసినవాళ్లు ఏం పెట్టారన్నదే చూడాలి. 1997 నాటి స్టార్ ఫాక్స్ 64 తీసుకోండి. ఒకసారి ఆడితే ఏడు స్టేజీలే. కానీ మొదటి స్టేజీ కార్నేరియాలో మన తోటి పైలట్ ఫాల్కోని కాపాడి, నీళ్ల మీదున్న రాతి తోరణాలన్నిటి కిందుగా దూరి వెళ్తే జలపాతం వెనక ఇంకో దారి తెరుచుకుంటుంది. అక్కడి నుంచి వేరే బాస్, వేరే గ్రహం. దారి తెలియనివాడికి ఈ గేమ్‌లో చాలా భాగం కనపడనే కనపడదు.

నేను కొన్నవాటిలో రెండింటి సంగతి చెప్తాను. పాంజర్ డ్రాగూన్ రీమేక్ (ఒరిజినల్ 1995లో సెగా వాళ్ల శాటర్న్ కన్సోల్ మీద వచ్చింది) చూడ్డానికి బాగుంటుంది, డ్రాగన్ మీద కూర్చుని నాలుగు వైపులా తిరిగి కాల్చడం కూడా సరదానే. కానీ దారి ఒక్కటే. పూర్తిచేశాను, తీసేశాను. సేల్‌లో కొన్నాను కాబట్టి సరిపోయింది, ఫుల్ రేటుకి మాత్రం కొనను.

రెజ్ ఇన్ఫినిట్ అలా కాదు. దీని ఒరిజినల్ రెజ్ వచ్చింది 2001లో, అందులో ఉన్నవి ఐదు ఏరియాలే (స్టేజీలే). నేను ముగించింది చూసి మా తమ్ముడు "గింతేనా అన్నా? దీనికా పైసలు పెట్టినవ్?" అన్నాడు. కానీ ఇందులో ఎనిమిది టార్గెట్ల దాకా లాక్ చేసి (ఒకేసారి గురి కుదిర్చి) బటన్ వదిలితే ఆ పేలుళ్లు పాట బీట్‌లో కలిసిపోతాయి. లాక్ ఎంత బాగా చేస్తే పాట అంత బాగా పలుకుతుంది, స్కోరూ అంతే పెరుగుతుంది. ఆఫీసు నుంచి వచ్చాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక ఏరియా ఆడటం ఇప్పటికీ నాకు అలవాటు. ఆ తమ్ముడే ఇప్పుడు నా స్కోరు దాటాలని చూస్తున్నాడు.

కాబట్టి మీరు చూసిన గేమ్‌లో దారులు చీలతాయా, స్కోరుకి లీడర్‌బోర్డ్ (అందరి స్కోర్ల పట్టిక) ఉందా, కష్టం పెంచితే శత్రువులు నిజంగా మారతారా లేక వాళ్ల ప్రాణం మాత్రమే పెరుగుతుందా అన్నది చూడండి. ఇవేవీ లేకపోతే విష్‌లిస్ట్‌లో పెట్టి సేల్ దాకా ఆగండి. మీకు స్కోర్ల పిచ్చి అసలే లేకపోతే, ఇవన్నీ ఉన్న గేమ్ అయినా ఆగండి.

కొన్నాక నచ్చకపోతే, కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడిగితే స్టీమ్ రీఫండ్ ఇస్తుంది. మొదటి రెండు మూడు స్టేజీలు ఆడి, మొదటిది మళ్లీ ఆడబుద్ధి అవుతుందేమో చూసుకోండి. మొత్తం ముగించి డబ్బు వెనక్కి అడగడం మాత్రం నాకు నచ్చదు, ఇలాంటి గేములు తయారుచేసేది ఎక్కువగా చిన్న టీములే. ఇంకోటి, పాజ్‌లో పెట్టి భోజనానికి వెళ్లినా ఆ టైమ్ కూడా లెక్కలోకి వస్తుంది, గేమ్ క్లోజ్ చేసి వెళ్లండి.